విజయనగరం సమర్‌ఖండ్ దాకా ఎట్లా పోయింది? చరిత్ర గేముల్లో లొసుగుల లెక్క

తిరుపతి బైరాగిపట్టెడలో మా అక్కావాళ్ళ మేడ మీద గది. రాత్రి పదకొండు దాటింది. మేనల్లుడు ల్యాప్‌టాప్ నా వైపు తిప్పి "సూడు మామా" అన్నాడు. తెర మీద ప్రపంచ పటం, పైన 1531 అని తేదీ. విజయనగరం రంగు కన్యాకుమారి దగ్గర మొదలై, బహమనీలను, గజపతులను, ఢిల్లీని మింగి, హిందూకుష్ దాటి సమర్‌ఖండ్ దగ్గర ఆగింది. ఆ గదికి చంద్రగిరి కోట పట్టుమని పదిహేను కిలోమీటర్లు ఉండదు. ఆ కోటలో ఉండి రాజ్యం ఏలిన అసలు రాయలవారికి ఇంత భూమి కలలో కూడా కనిపించి ఉండదు.

మంచం మీద కూర్చున్న వాడి స్నేహితుడికి ఇది మింగుడుపడలేదు. "అంతా మోసం మామా. లొసుగులు పట్టుకోని ఆడినాడు."

"మోసం యాడుండాది? చీట్ కోడ్ ఏమన్నా కొట్టినానా? గేము ఒప్పుకున్నదే చేసినా."

ఇద్దరూ చెప్పింది నిజమే. ఒకే ఆట గురించి ఈ రెండు మాటలూ ఒకేసారి నిజం ఎట్లా అవుతాయన్నదే ఈ వ్యాసం. గ్రాండ్ స్ట్రాటజీ గేములు ఆడేవాళ్ళ మధ్య ఎప్పటికీ తెగని పంచాయితీ ఇది.

ముందు నాలుగు మాటలు విడదీద్దాం

గ్రాండ్ స్ట్రాటజీ అంటే ఒక సైనికుడినో ఒక ఊరినో కాక, దేశం మొత్తాన్ని వందల ఏళ్ళ పాటు నడిపే ఆట. పన్నులు, పెళ్ళిళ్ళు, అప్పులు, తిరుగుబాట్లు అన్నీ మనమే చూసుకోవాలి. మావాడు ఆడుతున్నది యూరోపా యూనివర్సాలిస్ 4. స్వీడన్‌కు చెందిన పారడాక్స్ సంస్థ 2013లో విడుదల చేసింది. 1444 నవంబరు 11న మొదలై 1821 దాకా సాగుతుంది. ఆట మొదలయ్యే నాటికి విజయనగరంలో ప్రౌఢదేవరాయలు, శ్రీనాథుడికి కనకాభిషేకం చేశాడని మనం చెప్పుకునే రాజు, సింహాసనం మీద ఉన్నాడు.

బగ్ అంటే ప్రోగ్రాం రాసినవాళ్ళ పొరపాటు. రూలు ఒకటి అనుకుంటే కోడు ఇంకొకటి చేస్తుంది. చీట్ అంటే ఆట బయటి నుంచి చెయ్యి పెట్టడం. కన్సోల్ (గేముకు నేరుగా ఆదేశాలు టైపు చేసే పెట్టె) తెరిచి ఖజానాలో పది వేలు వేసుకోవడం లాంటిది. మెటా అంటే అందరూ ఆడి ఆడి, ఇదే అన్నిటికన్నా లాభమని తేల్చుకున్న పద్ధతి. ఇక ఎక్స్‌ప్లాయిట్, అంటే మన లొసుగు. కోడు రాసిన రూలు రాసినట్టే నడుస్తుంది, ఆటగాడూ రూలు దాటడు. అయినా వచ్చే ఫలితం మాత్రం ఆట తయారుచేసినవాళ్ళు ఊహించనిది. లాయర్లు చట్టంలో లొసుగు అంటారే, అచ్చంగా అదే.

ఈ గీతలు అంత తేలిగ్గా కనపడవు. దానికి గాంధీ కథే సాక్ష్యం. 1991లో వచ్చిన సివిలైజేషన్ గేములో గాంధీ అణుబాంబులు వేస్తాడని ఏళ్ళ తరబడి ప్రచారం నడిచింది. కారణమూ చాలా ముచ్చటగా చెప్పేవాళ్ళు. గాంధీ దూకుడు విలువ 1. ప్రజాస్వామ్యం స్వీకరిస్తే అందులోంచి 2 తగ్గుతుంది. 0 నుంచి 255 దాకా మాత్రమే పట్టే గడిలో మైనస్ 1 రాయాలంటే అది 255కి తిరిగిపోతుంది. పాత స్కూటర్ మీటరును సున్నా నుంచి వెనక్కి తిప్పితే తొమ్మిదులన్నీ వచ్చినట్టు. వినడానికి బాగుంది, లెక్క కూడా సరిగ్గా సరిపోయింది. కానీ అట్లాంటి బగ్ అసలు లేనేలేదని ఆ గేము సృష్టికర్త సిడ్ మెయర్ 2020లో చెప్పేశాడు. 2010 నాటి సివిలైజేషన్ 5లో మాత్రం గాంధీకి అణ్వాయుధాల పిచ్చి నిజంగానే ఉంది. తయారుచేసినవాళ్ళు సరదాకి, తెలిసి పెట్టిందది. లేని బగ్గును జనం నమ్మారు, ఉన్నదేమో బగ్గు కాదు. కాబట్టి ఆటలో ఒక వింత కనపడగానే "లొసుగు" అని ముద్ర వేయడానికి తొందరపడకూడదు.

గెలవడం తేలిక, అరిగించుకోవడం కష్టం

సమర్‌ఖండ్ రహస్యం తెలియాలంటే ఈ గేములో బ్రేకులు ఎక్కడున్నాయో చూడాలి. యుద్ధంలో గెలిచిన భూమి ఆ రోజే మన సొంతం అయిపోదు. దాన్ని మన రాజ్యంలో కలుపుకోవడానికి పాలన పాయింట్లు ఖర్చు పెట్టాలి. ప్రతి ప్రాంతానికీ అభివృద్ధి అని ఒక సంఖ్య ఉంటుంది. రాయితీలేవీ లేకపోతే ఒక్కో అభివృద్ధికి 10 పాయింట్లు. అంటే 20 అభివృద్ధి ఉన్న ప్రాంతానికి 200.

పాయింట్లు నెలకు ఎన్నొస్తాయి? ఎవరికైనా మామూలుగా 3. రాజు తెలివిని బట్టి 0 నుంచి 6. మంత్రిని పెట్టుకుంటే ఇంకొన్ని. ఓ మాదిరి రాజుకు 3, చిన్న మంత్రికి 1 వేసుకుంటే నెలకు 7, ఏడాదికి 84. ఒక్క ప్రాంతాన్ని అరిగించుకోవడానికి రెండేళ్ళ పైచిలుకు పడుతుందన్నమాట. అరగని భూమి ఎక్కువైతే తిరుగుబాట్లు మొదలవుతాయి. దూకుడు మితిమీరితే చుట్టుపక్కల రాజులంతా కూటమి కడతారు.

ఈ బ్రేకు వెనక చరిత్ర ఉంది. కత్తితో గెలిచిన భూమిని కలంతో నిలబెట్టుకోవడం ఏ సామ్రాజ్యానికైనా కష్టమే. 1565లో తళ్ళికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులు రాజధానిని పెనుకొండకు, ఆనక చంద్రగిరికి మార్చుకోవలసి వచ్చింది. ఒక్క యుద్ధంతో ఏదీ కూలదు, లోపల సర్దుకోలేక కూలుతుంది అన్న ఆలోచనే ఆ పాయింట్లలో దాగుంది.

ఆషాఢం డిస్కౌంటు ఎట్లా కూడాలి?

మావాడు ఈ బ్రేకును ఊడబీకలేదు, అరగదీశాడు. అది ఎట్లాగో చెప్పడానికి తిరుపతి గాంధీరోడ్డు వైపు ఒకసారి పోయొద్దాం.

ఆషాఢంలో బట్టల షాపు ముందు "50 శాతం, అదనంగా 20 శాతం" అని బోర్డు కనపడుతుంది. వెయ్యి రూపాయల చీరకు 70 శాతం తగ్గి 300 అవుతుందనుకుని లోపలికి పోతాం. బిల్లు 400 వస్తుంది. ముందు సగం తగ్గించి 500 చేశారు, ఆ 500 మీద 20 శాతం, అంటే 100 తగ్గించారు. ఏ షాపువాడూ రెండు రాయితీలను కూడి ఒకేసారి తియ్యడు. ఎందుకు తియ్యడో వాడికి బాగా తెలుసు.

ఈ గేము మాత్రం కూడుతుంది. అసలు చిక్కంతా అక్కడే ఉంది. 200 పాయింట్ల ప్రాంతం, చేతిలో 600 పాయింట్లు ఉన్నాయనుకుందాం. రాయితీ లేకపోతే మూడు ప్రాంతాలు కలుపుకోవచ్చు. 25 శాతం రాయితీ ఒకటి సంపాదిస్తే ఖర్చు 150 అవుతుంది, నాలుగు ప్రాంతాలు వస్తాయి. ఇంకో 25 వస్తే ఖర్చు 100, ప్రాంతాలు ఆరు. మూడో 25 కూడా దొరికితే ఖర్చు 50 మాత్రమే. ప్రాంతాలు పన్నెండు!

మళ్ళీ ఒకసారి చూడండి. మొదటి రాయితీతో ఒక్క ప్రాంతం పెరిగింది. మూడోదానితో ఏకంగా ఆరు పెరిగాయి. మూడు రాయితీలూ ఒకే సైజువి, ఒక్కొక్కటి మిగిల్చిందీ సరిగ్గా 50 పాయింట్లే. కానీ చివరిది మొత్తాన్ని రెట్టింపు చేసింది. అదే షాపువాడి పద్ధతిలో లెక్కేస్తే 200 కాస్తా 150, 112.5, 84.4 దగ్గర ఆగేది. 600 పాయింట్లకు ఏడు ప్రాంతాలు. కూడిక పద్ధతిలో నాలుగో రాయితీ కూడా వస్తే ఖర్చు సున్నా అయిపోతుంది, అందుకే ఇట్లాంటి చోట్ల తయారీదారులు "ఇంతకన్నా తగ్గకూడదు" అని ఒక అడుగు గీత గీస్తుంటారు.

ఇక్కడ తప్పెవరిది? ఒక రాయితీ పాలనా విధానాల నుంచి వస్తుంది, ఇంకొకటి దేశం స్వభావం నుంచి, మరొకటి ఏదో ఘటన నుంచి. వాటిని వేర్వేరు సంవత్సరాల్లో, బహుశా వేర్వేరు మనుషులు, వేర్వేరు విస్తరణల (అసలు గేముకు తర్వాత జోడించి అమ్మే భాగాల) కోసం రాశారు. విడివిడిగా చూస్తే ఏదీ పెద్దది కాదు. ఎవడో ఒక కుర్రాడు బైరాగిపట్టెడలో కూర్చుని అన్నిటినీ ఒకే చోట పోగేస్తాడని మాత్రం వాళ్ళు అనుకోలేదు. నా మటుకు, ఈ గేముల్లో లొసుగులు ఎక్కువగా పుట్టేది ఇక్కడే. చెడ్డ రూలు ఒకటి ఉండి కాదు, రెండు మంచి రూళ్ళు ఒకదానికొకటి ఎదురుపడి.

అదే సైన్యం, దెబ్బ దాదాపు రెట్టింపు

పారడాక్స్‌వాళ్ళదే ఇంకో గేము హార్ట్స్ ఆఫ్ ఐరన్ 4. రెండో ప్రపంచ యుద్ధం నేపథ్యం, 2016లో వచ్చింది. అందులో సైన్యాన్ని డివిజన్లు అనే దళాలుగా కడతారు, ఒక డివిజన్ యుద్ధరంగంలో ఆక్రమించే చోటే దాని వెడల్పు. ఏళ్ళ తరబడి అందరూ "40 వెడల్పు" డివిజన్లే కట్టేవాళ్ళు. కారణం చిన్న లెక్క.

యుద్ధరంగానికి ఒక వెడల్పు ఉంటుంది. అప్పట్లో మామూలుగా 80. అందులో 20 వెడల్పు డివిజన్లు నాలుగు పడతాయి, లేదా 40వి రెండు. పైకి చూస్తే రెండూ సమానమే. అయితే రక్షణ రూలు ఇట్లా ఉంది: ఎదుటివాడి రక్షణ సంఖ్య ఉన్నంతవరకు మన దాడుల్లో 10 శాతమే తగులుతాయి. రక్షణ అయిపోయాక వేసే దాడుల్లో 40 శాతం తగులుతాయి.

శత్రువు డివిజన్ రక్షణ 300 అనుకోండి. మన దగ్గర 200 దాడి శక్తి ఉన్న చిన్న డివిజన్లు రెండున్నాయి, చెరొక శత్రువు మీద పడ్డాయి. 200లో 10 శాతం, అంటే 20 తగులుతాయి. రెండూ కలిపి 40. ఇప్పుడు ఆ రెండిటినీ కలిపి 400 శక్తి గల ఒకే డివిజన్ చేసి, ఒకే శత్రువు మీదికి పంపండి. మొదటి 300లో 30 తగులుతాయి. మిగిలిన 100 రక్షణ లేని చోట పడతాయి కాబట్టి 40 తగులుతాయి. మొత్తం 70. అవే తుపాకులు, అదే జనం. మారింది కాగితం మీద డివిజన్ గీత గీసిన తీరు మాత్రమే.

ఇది లొసుగా, మెటానా? చాలామంది మెటా అనే అంటారు. శక్తిని ఒకచోట పోగేసి కొట్టడం సైనిక పాఠాల్లో ఉన్నదేనని వాదిస్తారు. కాదనేవాళ్ళ మాటా తేలిగ్గా తీసెయ్యలేం: ప్రపంచంలోని ప్రతి సైన్యమూ ఒకే అంకె కోసం ఒకే ఆకారంలో కట్టాలంటే అది చరిత్ర గేము ఎట్లా అవుతుంది? చివరికి 2021 నవంబరులో వచ్చిన నో స్టెప్ బ్యాక్ విస్తరణతో పాటు ఆ 80 అంకెను తీసేశారు. అడవికో వెడల్పు, కొండకో వెడల్పు, మైదానానికో వెడల్పు పెట్టారు. దాంతో అన్ని చోట్లా చెల్లే ఒకే కొలత లేకుండా పోయింది.

అన్ని సర్దుబాట్లూ ఇంత సాఫీగా సాగవు. అదే ఏడాది ఏప్రిల్ 27న యూరోపా 4కు లెవయథాన్ అనే విస్తరణ వచ్చింది. దాంతో జయించిన ప్రాంతాల అభివృద్ధిని పీల్చి రాజధానికి తరలించే వీలు కల్పించారు. ఆలోచన న్యాయమైనదే, సామ్రాజ్యాలు చేసిన పని అదే కదా. కానీ భూమిని నిభాయించే ఖర్చు దాని అభివృద్ధి మీదే ఆధారపడి ఉంటుంది. పీల్చేసిన ప్రాంతం పిప్పి అవుతుంది, నిభాయించడం చవక అవుతుంది, రాజధాని బలుస్తుంది, బలిసిన రాజధాని ఇంకో యుద్ధానికి డబ్బిస్తుంది. పైగా అమెరికా ఆదివాసీ తెగల లెక్కలు అదుపు తప్పి వాళ్ళ పల్లెలు మహానగరాలను మించిపోయాయి. గేములు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో రేటింగ్ పాతాళానికి పోయింది. స్టూడియో పెద్ద యోహాన్ అండర్సన్ బహిరంగంగా క్షమాపణ చెప్పుకున్నాడు. ఇందులో కొన్ని అచ్చమైన బగ్గులు, కొన్ని లొసుగులు. డబ్బు కట్టి కొన్నవాడికి ఆ తేడా పట్టలేదు, పట్టాల్సిన పని కూడా లేదు.

లొసుగే చరిత్ర అయితే?

అసలు తిరకాసు ఇక్కడుంది. యూరోపా 4లో సైన్యం జలసంధి దాటాలంటే అక్కడ శత్రువు ఓడలు ఉండకూడదన్నది మూల సూత్రం. బైజాంటియం, అంటే కాన్‌స్టాంటినోపుల్ రాజధానిగా ఉన్న క్రైస్తవ రాజ్యం, ఆడేవాళ్ళు దీన్ని పక్కనున్న ఒట్టోమాన్ తురుష్కుల మీద గట్టిగా వాడుకుంటారు. ఒట్టోమాన్ సైన్యం అవతలి ఒడ్డున ఉన్నప్పుడు ఓడలు అడ్డం పెట్టి, ఇవతల కోటలన్నీ పట్టేసుకుంటారు. కంప్యూటర్ రాజు ఒడ్డున నిలబడి బిత్తరచూపులు చూస్తుంటాడు. చూసేవాళ్ళకు ఇది కంప్యూటర్ అమాయకత్వాన్ని సొమ్ము చేసుకోవడం లాగే కనిపిస్తుంది.

కానీ ఆట మొదలయ్యే తేదీని మరోసారి చూడండి. 1444 నవంబరు 11. దానికి సరిగ్గా ముందు రోజు వర్నా యుద్ధం జరిగింది. ఆ యుద్ధానికి ముందు క్రైస్తవ నౌకాదళం చేయబోయింది సరిగ్గా ఇదే: జలసంధిలో అడ్డం నిలబడి ఒట్టోమాన్ సుల్తాన్ మురాద్ సైన్యాన్ని ఆసియా వైపే ఆపేయాలని. అది కుదరలేదు, మురాద్ దాటేశాడు, వర్నాలో గెలిచాడు. అంటే మనం లొసుగు అంటున్నది అప్పటి సేనానులు వేసిన పథకమే. ఆటలో అది అప్పటికన్నా తేలిగ్గా ఫలిస్తుంది, అదొక్కటే తేడా.

మన వైపు కూడా అట్లాంటిదే ఉంది. మావాడి రెండో ఎత్తు సామంతులకు మేత వేయడం. గెలిచిన భూమిని తాను కలుపుకోకుండా ఒక చిన్న సామంతుడికి ఇచ్చేస్తాడు. కలుపుకునే ఖర్చు సామంతుడే పెట్టుకుంటాడు. కొన్నేళ్ళ తర్వాత ఆ సామంతుడినే విలీనం చేసుకుంటే అది పాలన పాయింట్లలో కాక దౌత్యం పాయింట్లలో, అభివృద్ధికి 8 చొప్పున పడుతుంది. ఒక సంచీలో డబ్బు అయిపోతే ఇంకో సంచీ విప్పడం. దీన్నీ లొసుగే అన్నాడు వాడి స్నేహితుడు. మరి విజయనగరం నిజంగా నడిచింది ఎట్లా? అమరనాయకులకు భూమి ఇచ్చారు, వాళ్ళు సైన్యం పోషించి రాజుకు అండగా ఉన్నారు. పైన పట్టు సడలగానే మధుర, తంజావూరు, జింజి నాయకులు ఎవరి దారి వాళ్ళు చూసుకున్నారు. ఆటలోనూ అంతే. సామంతుల బలం పెరిగేకొద్దీ వాళ్ళలో స్వాతంత్ర్య కాంక్ష అంకె పైకి పోతుంటుంది. తయారీదారులు అనుకున్న నేరు దారికన్నా ఈ అడ్డదారే మన చరిత్రకు దగ్గరగా ఉందని నాకు అనిపిస్తుంది. వాడి స్నేహితుడు ఒప్పుకోలేదు లెండి.

మూసేస్తే పోలేదా?

పోదు. బొక్క పూడ్చినప్పుడల్లా పక్కన మట్టి కదులుతుంది. కంప్యూటర్ ఆడే దేశాలకూ అవే రూళ్ళు కాబట్టి, మనిషిని ఆపడానికి ఖర్చు పెంచితే లొసుగు తెలియని కంప్యూటర్ రాజులే ముందు చతికిలబడతారు. వంద గంటలు నడిపిన పాత ఆట కొత్త ప్యాచ్‌లో (కంపెనీ పంపే సవరణ) తెరిస్తే లెక్కలు తారుమారు అవుతాయి. స్టీమ్‌లో పాత వెర్షన్‌కు తిరిగిపోయే వీలు ఈ గేములకు ఉంది కాబట్టి, చాలామంది ప్యాచ్ వచ్చిన రోజు ఆ పనే చేస్తారు.

2025 నవంబరు 4న యూరోపా యూనివర్సాలిస్ 5 వచ్చింది. ఆట 1337లో, అంటే విజయనగరం స్థాపించారని చెప్పుకునే 1336కు మరుసటేడు మొదలవుతుంది. అందులో ఈ పాయింట్ల పద్ధతే ఎత్తేశారు. జనాభా, ధాన్యం, దారులు, రాజధానికి ఎంత దూరంలో ఉన్నారన్న లెక్కలతో నడుస్తుంది. పాయింట్ల లొసుగులు పాయింట్లతోనే పోయాయి. కానీ కదిలే చక్రాలు ఇన్ని ఎక్కువైతే ఒకదానికొకటి తగిలే చోట్లు కూడా అన్ని ఎక్కువవుతాయి.

ఎవరితో ఆడుతున్నావు?

ఒంటరిగా ఆడుకునేవాడికి లొసుగుతో ఎవరికీ నష్టం లేదనేది ఒక వాదం. ర్యుక్యు లాంటి చిన్న దీవి రాజ్యంతో ప్రపంచమంతా గెలిస్తే ఇచ్చే పతకం యూరోపా 4లోనే ఉంది. సందులన్నీ వెతక్కుండా అది సాధ్యమా, మరి ఆ పతకం పెట్టినవాళ్ళే ఆ సందుల్ని ఎట్లా తప్పుపడతారు అని అడుగుతారు. పతకాలు ఐరన్‌మ్యాన్ పద్ధతిలోనే ఇస్తారు, అందులో వెనక్కి పోయి ఎత్తు మార్చుకునే వీలుండదు, కాబట్టి కష్టం కష్టమే అంటారు. ఎదుటి పక్షం మాట ఇంకో తీరు. ఒక దారి మరీ లాభమని తెలిశాక మిగిలిన దారులు చచ్చిపోతాయి, తెలియనట్టు నటిస్తూ ఆడటం కుదరదు, కాబట్టి ఒంటరి ఆటనూ అది పాడుచేస్తుంది. రెండోదానిలో నాకు బరువు ఎక్కువ కనిపిస్తుంది.

ఎదురుగా మనిషి ఉంటే మాత్రం సంగతి వేరు. చిన్నప్పుడు పులిమేక ఆడేవాళ్ళం, మూడు పులులు, పదిహేను మేకలు, అరుగు మీద బొగ్గుతో గీసిన గడులు. మా పిన్ని కొడుకు ఓడిపోతున్నాడనిపిస్తే ఒకే మేకను రెండు చుక్కల మధ్య అటూ ఇటూ జరుపుతూ కూర్చునేవాడు. పులి చేయగలిగింది ఏమీ లేదు, వాడు రూలు తప్పిందీ లేదు. మా అవ్వ వంటింట్లోంచి వచ్చి "జరిపిందే మూడుసార్లు జరిపితే మేక చచ్చినట్టే" అని తీర్పు చెప్పింది. ఆ రోజు నుంచి మా ఇంట్లో అదే రూలు. పక్క వీధిలో లేదు.

ఆన్‌లైన్‌లో కలిసి ఆడేవాళ్ళు హౌస్ రూల్స్ అనేది దీన్నే. కోడు ఒప్పుకున్నా సరే, మన మధ్య ఇది లేదు అని ముందే రాసుకుంటారు.

మావాళ్ళిద్దరూ కూడా రాసుకున్నారు, రికార్డు పుస్తకంలోంచి చించిన కాగితం మీద పది రూళ్ళు. కొత్త ఆటలో స్నేహితుడు ఒట్టోమాన్, మేనల్లుడు బైజాంటియం. సామంతులకు మేత వేయొచ్చు, కానీ ఏకకాలంలో ఇద్దరికి మించి కాదు. అప్పు తీర్చకుండా దివాలా ప్రకటించకూడదు. ఇట్లా పోతుంది. పొద్దున కాఫీ తాగుతూ ఆ కాగితం చూశాను. ఏడో రూలు కొట్టేసి, మళ్ళీ రాసి, మళ్ళీ కొట్టేసి, పక్కన వేరే దస్తూరితో "వర్నా" అని రాసి, దాని పక్కన ప్రశ్నార్థకం పెట్టి ఉంది. జలసంధి సంగతి రాత్రి ఎంతసేపటికీ తేలలేదట.